ముద్దలోంచి రాని మొలకలు

దివిసీమ ఉప్పెన వచ్చిన రెండు నెలలకి తిరువూరులో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. బి.ఎస్సీ. ఫలితాలు వచ్చి అప్పటికి ఆరు నెలలు. మా ఇల్లు తిరువూరులోనే. మా నాన్న గంపలగూడెంలో మిషన్ స్కూలు టీచరు, రోజూ వెళ్ళివచ్చేవారు. ఆడపిల్ల రోజూ బస్సెక్కి బెజవాడ పోకుండా ఊళ్ళోనే ఉద్యోగం దొరికిందని మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నారు. పిల్లలకి మైక్రోస్కోపులు సర్దిపెట్టడం, రికార్డులు దిద్దడం నా పని అనుకుని వెళ్ళాను. మూడో రోజున మా లెక్చరర్ సార్ నన్ను కాలేజీ వెనక గదికి తీసుకెళ్ళారు. అంతకుముందు అది ఆటసామాను పెట్టుకునే గది. తలుపు తియ్యగానే పులిసిన కల్లు, తడిసిన గోనెపట్టా, ఎక్కడో చచ్చిన ఎలుక, మూడూ కలిసినట్టు ఒక వాసన మొహానికి కొట్టింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. రెండు రోజుల్లో అలవాటైపోతుందన్నారు సార్. ఆ గదిలో పనిచేసిన ఏడు నెలల్లో నాకు ఒక్క రోజు కూడా అలవాటు కాలేదు.

సార్‌కి నలభై దాటాయి. కుటుంబం బెజవాడలో ఉండేది. ఆయన బస్టాండు దగ్గర గది అద్దెకి తీసుకుని ఉండేవారు. పీహెచ్‌డీకి యూనివర్సిటీలో పేరు నమోదు చేసుకుని అప్పటికి చాలా ఏళ్ళయిందట. గడువు దగ్గరపడుతోంది. ఆయన ఎంచుకున్న విషయం వరి. గింజ మీది పొట్టు ఒలిచి, మందునీళ్ళలో కడిగి, గాజుసీసాలో గడ్డకట్టిన అగర్ జావ మీద పెట్టాలి. ఆ జావలో కలిపిన మందు వల్ల గింజ మొలకెత్తడం మానేసి ముద్దగా ఉబ్బుతుంది. ఆ ముద్దకి వేరూ ఆకూ ఏమీ ఉండవు. దాన్ని ముక్కలుగా విడదీసి, ఆ మందు లేని ఇంకో రకం జావ మీద వెలుతుర్లో పెడితే, కొన్ని వారాలకి పచ్చటి చుక్కలు లేచి, వాటిలోంచి కొత్తగా వరిమొక్కలు పుడతాయి. ముద్దలోంచి మొక్కని తెప్పించడమే సార్ పరిశోధన. గింజని ముద్ద చేసే ఆ మందునే మా వైపు రైతులు చేలల్లో కలుపు చావడానికి చల్లుతారు.

వినడానికి నాకు అద్భుతంగానే ఉంది. కళ్ళతో చూసేసరికి రెండడుగులు వెనక్కి వేశాను. సార్ గర్వంగా ఎత్తి చూపించిన సీసాలో, పుండు మీద కట్టిన చీము రంగులో, తడితడిగా, బుడిపెలు బుడిపెలుగా ఏదో ఉంది. అది ప్రాణంతో ఉందనీ, పెరుగుతోందనీ ఆయన చెప్పాక ఇంకా రోత పుట్టింది. అయినా అది బాగున్న సీసా. కుళ్ళిన సీసాలు బల్ల కింద తొట్టిలో ఉన్నాయి. వాటిని కడగడమే నా మొదటి పని.

ఆస్పత్రి కాంపౌండరుని అడిగి తెచ్చిన ఖాళీ టానిక్ సీసాలవి. దూదిబిరడా పీకగానే లోపలి గాలి బుస్సుమని వచ్చేది. కొన్నింట్లో నల్లటి బూజు పిల్లి వెంట్రుకల్లా లేచి ఉండేది. కొన్నింట్లో గులాబీరంగు జిగురు. కొన్నింట్లో జావంతా పాలిపోయి చీమిడిలా కారేది. కొబ్బరినీళ్ళు కలిపిన జావ కుళ్ళితే వచ్చే కంపు ఇంకొక రకం. వేలు లోపలికి పెట్టి గోకితే తప్ప అది ఊడదు. గోళ్ళ సందుల్లో ఇరుక్కున్నది ఎంత తోమినా పోదు. సాయంత్రం ఇంటికి వెళితే మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు. పెరట్లోనే తలమీంచి నీళ్ళు పోసుకుని, చీర విడిచి బకెట్లో పడేసి లోపలికి వెళ్ళేదాన్ని. ఆ ఈస్టరుకి అమ్మ సగ్గుబియ్యం పాయసం చేస్తే గిన్నెలోకి చూసి లేచి వచ్చేశాను. అందులో నాకు సీసాలోని ముద్దే కనిపించింది.

ఆ గదిలో నాకు తోడు అటెండరు. యాభై ఏళ్ళ ముస్లిం ఆవిడ. భర్త అదే కాలేజీలో అటెండరుగా ఉంటూ పోతే, ఆయన ఉద్యోగం ఆవిడకిచ్చారు. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. పంపు స్టవ్వు ముట్టించి, దాని మీద పెద్ద ప్రెషర్ కుక్కరు పెట్టి సీసాలని ఆవిరి పట్టించడం ఆవిడ పని. వేసవి మొదలయ్యాక కిటికీలకి తడిపిన గోనెపట్టాలు కట్టి, గంటగంటకీ నీళ్ళు చల్లేది. ఆవిడకీ రోతే. ముక్కుకి పైట చెంగు కట్టుకుని పనిచేసేది. తన ఇంట్లో నలుగురు పిల్లల పుళ్ళు కడిగాననీ, ఇంత కంపు ఎప్పుడూ చూడలేదనీ అనేది.

వడ్రంగి చేత చేయించిన చెక్కపెట్టె ఒకటి ఉండేది. ముందు అద్దం, కింద చేతులు దూర్చడానికి రెండు కంతలు. లోపలంతా స్పిరిట్‌తో తుడిచి, దీపం వెలిగించి, సన్నటి పటకారులాంటి చిమటాని మంటలో కాల్చి, సీసాలోని ముద్దని ఇంకో సీసాలోకి మార్చాలి. గాలిలోని సూక్ష్మజీవి ఒక్కటి పడ్డా జావ కుళ్ళిపోతుంది. సారూ నేనూ మార్చిన సీసాలు పదిలో ఎనిమిది కుళ్ళేవి. సార్ ప్రతి సోమవారం లైటు కింద నిలబడి, ఒక్కో సీసా ఎత్తి చూసి, కుళ్ళినవి తొట్టిలోకి పడేసేవారు. కుళ్ళినదల్లా నేను మార్చిందేననేవారు. ఎవరు మార్చింది ఏదో తెలియడానికి అప్పట్లో గుర్తులు కూడా లేవు.

మార్చి నెలలో ఒక సోమవారం నలభై సీసాలు ఒక్కసారిగా పోయాయి. సార్ కుర్చీలో కూర్చుని నన్ను పిలిచారు. పిన్ని స్టవ్వు దగ్గర ఉంది. ఆయన గొంతు తగ్గించలేదు.

"ఏమ్మా, పోయిన వారం నువ్వు బయట ఉన్నావా?"

నాకు మొదట అర్థం కాలేదు. కాలేజీలోనే ఉన్నానండి అన్నాను. ఆయన విసుగ్గా తల అడ్డంగా ఊపారు.

"ఆ బయట కాదు. మీ ఇళ్ళల్లో ఇవన్నీ పాటించరు కదా, అందుకని అడుగుతున్నాను. సూక్ష్మజీవులకి మతం తెలీదమ్మా. ఆ నాలుగు రోజులూ ఈ గదిలోకి రాకు."

చెవులు మండిపోయాయి. మా ఇంట్లో మా నాన్న ముందు కూడా ఆ మాట ఎవరూ ఎత్తరు. ఆయన అంతటితో ఆగలేదు. గోడకున్న క్యాలెండరు చూపించి, రావద్దన్న రోజులకి దాని మీద పెన్సిల్‌తో సున్నా చుట్టమన్నారు, పరిశోధనకి లెక్క ఉండాలన్నారు. బయటికొచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను. మురికేమీ లేకపోయినా చాలాసేపు కడుక్కున్నాను. మర్నాటికి క్యాలెండరు గోడ మీద లేదు. పిన్ని దాన్ని చించి స్టవ్వు ముట్టించిందని తర్వాత తెలిసింది. సార్ అడిగితే చెదలు పట్టిందని చెప్పిందట.

అప్పటినుంచి సార్ పనిచేసే తీరు గమనించడం మొదలుపెట్టాను. ఆయనకి నశ్యం అలవాటు. జేబులో రేకు డబ్బీ ఉండేది. చెక్కపెట్టెలో చేతులు పెట్టి పనిచేస్తూ చేస్తూ ఆగి, చేతులు బయటికి తీసి, చిటికెడు నశ్యం ముక్కులోకి ఎగపీల్చి, వేళ్ళు ధోవతికి తుడుచుకుని, మళ్ళీ చేతులు లోపలికి దూర్చేవారు. కొన్నిసార్లు తుమ్మేవారు. తుమ్మిన చేత్తోనే చిమటా పట్టుకునేవారు. ఒకరోజు కుళ్ళిన సీసాని కడగబోతూ వెలుగుకి పెట్టి చూశాను. బూజు వలయాల్లా లేచింది. ప్రతి వలయం మధ్యనా గోధుమరంగు నలుసు ఒకటి ఉంది. ఇంకో సీసా చూశాను, ఇంకోటి చూశాను. వాసన చూస్తే కుళ్ళు కంపు అడుగున పొగాకు ఘాటు తెలిసింది. ఆ సీసా పిన్నికి ఇచ్చాను. ఆవిడ వాసన చూసి, సార్ కుర్చీ వైపు చూసి, ఉమ్మి వచ్చింది కాబోలు, కిటికీలోంచి బయటికి ఊసింది. ఇన్ని నెలలుగా ఆ మనిషి ముక్కులోది నా చేతులతో గోకి కడుగుతున్నానన్న సంగతి అప్పుడు తట్టింది. ఆ పూట అన్నం తినలేదు.

సార్‌తో చెప్పే ధైర్యం లేకపోయింది. ఏప్రిల్ మధ్యలో సెలవులిచ్చారు. ఆయన నెలన్నర బెజవాడ వెళుతూ, మిగిలిన సీసాలు చూస్తూ ఉండమని తాళం నాకిచ్చారు. వెళ్ళిన రోజునే పిన్నీ నేనూ ఆ గది మొత్తం కడిగాం. గోడలకి సున్నం వేశాం. చెక్కపెట్టెని ఎండలో పెట్టి, స్పిరిట్‌తో మూడుసార్లు తుడిచాం. మూల అరలో బాగున్న ముద్దలు పదకొండు మిగిలాయి. సార్ నోటుపుస్తకంలో ఉన్నట్టే కొబ్బరినీళ్ళు కలిపి, ఆ మందు వెయ్యకుండా జావ కాచి, ముద్దల్ని చిన్న ముక్కలు చేసి మార్చాను. మార్చేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేదాన్ని. వారం చూశాం, రెండు వారాలు చూశాం. ఒకే ఒక్క సీసా కుళ్ళింది. నా చేతుల్లో ఏ దోషమూ లేదని నాకే రుజువైంది. ఆ వారంలో నెలసరి కూడా వచ్చింది. నేను రోజూ గదిలోకి వెళ్ళాను.

మే ఇరవై ప్రాంతంలో ఒక సీసాలో ముద్ద మీద ఆవగింజంత పచ్చచుక్క కనిపించింది. బూజేమో అనుకున్నాను. మూడు రోజులకి చుక్కలు నాలుగయ్యాయి. పదో రోజుకి వాటిల్లోంచి సూదుల్లాంటి ఆకులు పైకి వచ్చాయి. మూడు పచ్చవి, ఒకటి పూర్తిగా తెల్లది, పాలలో ముంచి తీసినట్టుంది. నేను అంత అసహ్యించుకున్న ఆ చీముముద్దలోంచి, విత్తనమంటూ లేకుండా, వరిమొలకలు లేచి నిలబడ్డాయి. పిన్నిని పిలిచి చూపించాను. ఆవిడ సీసాని ముట్టుకోకుండా వంగి, రెండు కళ్ళకీ వేళ్ళు తాకించుకుంది. ఆ గదిలో నాకు సంతోషమన్నది తెలిసింది ఆ నాలుగైదు రోజులే.

జూన్ మొదట్లో సార్ వచ్చారు. సీసా చూపించాను. నన్ను ఒక్క మాట మెచ్చుకోకుండా దాన్ని లాక్కుని, బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, దీపం వెలిగించకుండా, చిమటా కాల్చకుండా బిరడా పీకేశారు. దగ్గరగా చూడాలట. ముక్కు సీసా మూతికి ఆనించి మరీ చూశారు. సార్, పెట్టెలో తెరవండి అన్నాను. ఆయనకి వినపడలేదో, వినలేదో. నాలుగో రోజుకి మొలకల మొదట్లో నల్లటి మచ్చ వచ్చింది. వారం తిరిగేసరికి ముద్దా మొలకలూ కలిసి నల్లటి గుజ్జయ్యాయి. నేను గోకి కడిగిన సీసాల్లో అన్నిటికన్నా రోత పుట్టించింది అదే. కడుగుతూ ఏడ్చాను. సార్ మాత్రం ఒకసారి వచ్చింది కదా, మళ్ళీ వస్తుందన్నారు.

మళ్ళీ రావడానికి టైము లేకపోయింది. యూనివర్సిటీ నుంచి ఆయన గైడు ప్రొఫెసర్ గారు జూన్ నెలాఖరున స్వయంగా వచ్చి చూస్తానని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం వచ్చిన రెండో రోజున సార్ గది తాళం నా దగ్గర్నుంచి తీసుకున్నారు. పది రోజుల తర్వాత లోపలికి పిలిచి, బల్ల మీద వరసగా పెట్టిన పన్నెండు గాజుగొట్టాలు చూపించారు. ఒక్కోదానిలో నిటారుగా, ఏపుగా, పచ్చటి వరిమొలక. ప్రతి మొలక మొదట్లో తెల్లటి ముద్ద ముక్క. ఒక్క క్షణం నిజమే అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ముద్ద ముక్క ఎండి, చచ్చి ఉంది. ఎవరో తెచ్చి అక్కడ ఆనించినట్టుంది. దాని చాటున, మొలక వేరుకి అంటుకుని, పాలు పీల్చేసిన గింజ డొల్ల కనిపిస్తోంది. ఉత్త జావ మీద వడ్లు మొలకెత్తించి, చచ్చిన ముద్దల్ని వాటికి తాపడం పెట్టారన్నమాట.

సార్ నా మొహం చూడలేదు. చీటీలు రాయమన్నారు. ముద్ద నుంచి వచ్చిన మొక్క, ఫలానా రకం, ఫలానా జావ. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆయన ముందు నుంచీ అనేవారు. నేను కుర్చీలో కూర్చుని పన్నెండు చీటీలూ రాశాను. చెయ్యి ఆగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడే లేచి రావలసింది. ఉద్యోగం పర్మినెంట్ కాలేదు, దానికి సార్ సంతకం కావాలి. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరం కూడా లేకపోయింది.

ప్రొఫెసర్ గారు కారులో వచ్చారు. తెల్లటి బట్టలు, కత్తిరించిన గోళ్ళు, సెంటు వాసన. ఆ గదిలోకి అంత శుభ్రమైన మనిషి రావడం అదే మొదలు. ఆయన్ని చూసి నాకు కొంత ఊరట కలిగింది. ఇంత పెద్దాయనకి గింజ డొల్ల కనిపించకుండా పోదు, ఇవాళ్టితో ఇది తేలిపోతుంది అనుకున్నాను. ఆయన చీటీలు చదివి, ఈ అక్షరాలు ఎవరివని అడిగారు. నావేనండి అన్నాను.

"ముద్దలోంచి మొలకలు రావడం నువ్వు చూశావా అమ్మా?"

"చూశానండి."

ఆ మాట అబద్ధం కాదు. మే నెలలో నేను చూశాను. కానీ ఆయన అడిగింది ఈ పన్నెండింటి గురించి. నా నోటిలోంచి వచ్చిన నిజం ఆ గదిలో అబద్ధంగా మారిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. పక్కన సార్ ఊపిరి వదిలారు.

ప్రొఫెసర్ గారు ఒక గొట్టంలోంచి మొక్కని చిమటాతో బయటికి లాగి తెల్లకాగితం మీద పడుకోబెట్టారు. తిప్పి చూశారు. చచ్చిన ముద్ద దానంతటదే ఊడిపోయింది. గింజ డొల్ల పైకి కనిపించింది. ఆయన దాని వైపు కాసేపు చూశారు. తర్వాత చిటికెనవేలి గోరుతో ఆ గింజని గిల్లి, తొట్టిలోకి విసిరేశారు. కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు.

"ఇవి తీసేసి ఫోటో తీయించండి. పరీక్షకుల్లో ఎవరన్నా కళ్ళజోడు మార్చుకుని చూశారంటే మనకి తలనెప్పి."

సార్ అలాగేనండి అన్నారు. అంతే. తర్వాత ఇద్దరూ ఆ బల్ల దగ్గరే కూర్చున్నారు. సార్ రెడ్డిగూడెం తోటల నుంచి తెప్పించిన చిన్నరసాలు రెండు గంపలు కారులో పెట్టించి, కొన్ని బల్ల మీద పెట్టారు. ప్రొఫెసర్ గారు కాయ పిసికి, ముచ్చిక కొరికి ఊసి, చప్పరించడం మొదలుపెట్టారు. రసం మణికట్టు మీంచి మోచేతిదాకా కారింది. టెంకెలు గింజ డొల్ల పడ్డ తొట్టిలోనే పడేశారు. ఆయన చేతులు చాపితే చెంబుతో నేనే నీళ్ళు పోశాను. ఈగలు ముసిరాయి. మామిడిపండు వాసనా, సెంటూ, కుళ్ళిన కొబ్బరినీళ్ళ కంపూ కలిసి ఎంత అసహ్యం వేసిందంటే గుమ్మం దాకా వెళ్ళి నిలబడాల్సి వచ్చింది. పిన్ని వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. మన మొలకలు చచ్చిపోయాయి కదమ్మాయ్, మరి ఇవెక్కడివి, అని మెల్లగా అడిగింది. వడ్లు మొలకెత్తించారు పిన్నీ, అన్నాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక నాన్నకి అంతా చెప్పాను. మా నాన్న పక్కవాడి పలక చూసి రాసిన పిల్లవాణ్ణి ఎండలో నిలబెట్టే మనిషి. మీసం నిమురుకుని, మీ సార్ డాక్టరవుతాడు, నువ్వు పర్మినెంట్ అవుతావు, మధ్యలో నీకేం పోయిందమ్మా అన్నారు. దేవుడు అన్నీ చూస్తుంటాడు, నువ్వు నోరు మెదపకు అని కూడా అన్నారు. ఆ రెండు మాటలూ ఒకే ఊపిరిలో ఎలా అనగలిగారో నాకు తెలియలేదు. చాలా రోజులు ఆయన మొహం వైపు చూడబుద్ధి కాలేదు.

ఆగస్టులో సార్ రికార్డు పుస్తకం నా ముందు పెట్టి, జనవరి నుంచి తారీఖులు వేసి కొత్తగా రాయమన్నారు. నేను కలం తియ్యలేదు. రాయలేనండి అన్నాను. ఆయన నశ్యం పీల్చి, కోప్పడకుండా, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు చెప్పారు.

"వరిమొలక వరిమొలకేనమ్మా. గింజలోంచి వస్తేనేం, ముద్దలోంచి వస్తేనేం. ఫోటోలో రెండూ పచ్చగానే ఉంటాయి."

"నాకు తేడా తెలుసండి. ముద్దలోంచి వచ్చినవి నేను చూశాను."

అయితే నీ ఇష్టం అన్నారు. మర్నాటి నుంచి నన్ను ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్‌కి వేశారు. పిన్ని కూడా నడుం నెప్పని చెప్పి ఆ గది మానుకుంది. కొత్తగా వచ్చిన డిమాన్‌స్ట్రేటరు రికార్డు రాసిపెట్టాడు. నా ఉద్యోగం పర్మినెంట్ కాలేదు, పోలేదు కూడా. ఏడాదికోసారి పొడిగిస్తూ వచ్చారు. ముద్దలోంచి మొక్క వస్తుందని నేను తెలుసుకున్న సంగతి ఎక్కడా, ఏ కాగితం మీదా లేదు. ఎవరికైనా చెబితే, సార్ చేసి చూపించిందే కదా అంటారు.

మరుసటి ఏడాది చివర సార్‌కి డాక్టరేటు వచ్చింది. కాలేజీ హాల్లో సన్మానం పెట్టారు. వరి పండించే ప్రాంతంలో, చిన్న ఊళ్ళో, ఏ సౌకర్యాలూ లేని గదిలో ఆయన చేసిన కృషిని ప్రిన్సిపాల్ గారు ఎంతో పొగిడారు. ప్రొఫెసర్ గారు రాలేదు, అభినందనలు పంపారు. చప్పట్లు కొడుతుంటే నా చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. తర్వాత ప్రిన్సిపాల్ గారు తనే పళ్ళెం పట్టుకుని వరసల వెంట వస్తూ అందరికీ లడ్డూలు పంచారు. నా పక్కన నిలబడ్డ పిన్ని పళ్ళు నెప్పండి అని చేతులు జోడించింది. పళ్ళెం నా ముందు ఆగింది. ఆయన నవ్వుతూ తినమ్మా, మీ సారే కదా అన్నారు. నేను తీసుకున్నాను. ఆయన కదలకుండా చూస్తున్నారు కాబట్టి కొరికాను. నేతి లడ్డూ, జీడిపప్పు వేసింది. బాగుంది. చివరిదాకా తిన్నాను, వేళ్ళకంటిన పాకం కూడా నాక్కున్నాను. ఆ ఏడు నెలల్లో కడిగిన ఏ సీసా చూసినా వేయనంత రోత అప్పుడు నా మీద నాకు వేసింది.

ఆ వారమే బి.ఎడ్.కి దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చిన రోజున వెళ్ళి రాజీనామా ఇచ్చాను. కారణం అని ఉన్న చోట సొంత పనులు అని రాసి సంతకం చేశాను.